ఉషి కుండలో నబీ మొగుడు

“మరి ఆ వంకర కాలు ఎవరిదంటావ్ వదినా? మా ఆయన పుట్టి బుద్ధెరిగి చెట్టెక్కిన మనిషి కాదు, కాలు విరగ్గొట్టుకోడానికి.”

“నన్నడిగితే? కుండ నీది. మూత నీది. లోపలున్న మొగుడు నీ మొగుడు. ముప్పయ్యేళ్లు దణ్ణాలు పెట్టి ఇప్పుడు కాళ్లు వెతుకుతున్నావా?”

“నేను వెతకలేదు. ఆదివారం కర్మ కదా అని మూత తీసి తుడుస్తుంటే చేతికి తగిలింది. ఎడమ మోకాలి కింద ఎముక, మధ్యలో ఇంత బొడిపె. కళ్లు మూసుకుని చెప్పొచ్చు, అది జిరూ అన్నయ్య కాలు.”

“మా ఆయనకి కాలు విరగలేదు.”

“ఏంటీ?”

“విరగలేదు. బెణికింది.”

గోడకి ఇవతల టీ తాగుతున్న బస్సు డ్రైవరు సేజిన్ గ్లాసు కింద పెట్టేశాడు. అవతల టోఫూ కొట్టంలో పోట్లాడుతున్న ఇద్దరిలో ఒకరు వాళ్లమ్మ నబీ, రెండోది పక్కింటి ఉషి పిన్ని. తండ్రి జిరూ కాలు విరిగిన సంగతి ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. సేజిన్ పుట్టిన ఏడాది ఆబోతుల పందెం చూడ్డానికి ఆయన సరుగుడు చెట్టెక్కాడు. ఏ ఆబోతు ఏం చేస్తోందో కిందున్న మూడొందల మందికీ అరిచి చెబుతూ, చెప్పే ఊపులో కొమ్మ వదిలేశాడు. కిందపడ్డాక కూడా పందెం అయ్యేదాకా చెప్పడం ఆపలేదంటారు. ఎముకలు కట్టే ముసలాయన వేసిన కట్టు కొంచెం వంకరగా అతికింది. వానలు పడితే కుంటేవాడు. నలభై ఏళ్ల తర్వాత ఆయన పెళ్లాం దాన్ని బెణుకంటోంది.

“వదినా, నీకేమన్నా పిచ్చెక్కిందా? ఆదివారం కుండలు వంపేస్తాం. వంపాక ఎవరేరతారు? మీ ఆయన మా వంశం గుట్టలో పడతాడు, మా ఆయన మీ గుట్టలో పడతాడు. ఇవాళే మార్చేసుకుందాం.”

“నీ మాటే నిజమనుకో. మా ఆయన ముప్పయ్యేళ్లు నీ వంట తిన్నాడు. అలవాటైపోయుంటుంది. ఉండనీ.”

“మరి మా మచూ?”

“ఆయనకేం? పొద్దున్నే వేడివేడి టోఫూ తింటున్నాడు. ఇంకేం కావాలి మగాడికి?”

ఉషి గిన్నె చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది. కోపంలో కూడా టోఫూ ముక్క మర్చిపోలేదు.

ఇందులో నవ్వుకోడానికి ఎంత ఉందో, కంగారు పడ్డానికీ అంతే ఉంది. ఆ ఏడాది, అంటే అమెరికావాళ్లు ఒకినావాలో దిగిన ఏడాది, పోయినవాళ్లందరికీ, చనిపోయిన ఏడుని కూడా లెక్కలో వేస్తే, ఈ జూన్‌తో ముప్పై మూడో ఏడు. ముప్పై మూడో ఏటి కర్మ ఆఖరిది. అది అయ్యాక పోయినవాడు పేరు వదిలేసి వంశం దేవుళ్లలో కలిసిపోతాడు. అందుకని ఆ రోజు ఎవరూ ఏడవరు. ఎర్రరంగు వేసిన పిండివంటలు చేస్తారు, పాడతారు, ఆడతారు. వీళ్ల ఊళ్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. తాబేటి చిప్పలాంటి సమాధిలో అప్పటిదాకా కుండలో విడిగా ఉన్న ఎముకల్ని వెనక గట్టు మీదున్న వంశంవాళ్లందరి ఎముకల్లో వంపేస్తారు. ఒకసారి వంపాక అందులోంచి ఒక మనిషిని వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు. ఒక వంశంవాడు ఇంకో వంశం గుట్టలో పడటమంత తప్పు ఆ ఊళ్లో మరొకటి లేదు. సేజిన్ ఇంటికి పెద్దకొడుకు. తండ్రికి కుండ వంచాల్సినవాడు తనే. ఆరు రోజులే టైముంది.

కొట్టంలోకి వెళ్లి అడిగాడు. “అమ్మా, నాన్నకి కాలు విరిగింది కదా?”

“బస్సుకి టైమైంది. వెళ్లు,” అంది నబీ, సోయా పాలు కలుపుతూ.

నబీకి అరవై ఆరేళ్లు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన మర్నాటి నుంచి టోఫూ చేస్తోంది. పాలు విరగ్గొట్టడానికి సముద్రం నీళ్లు తప్ప ఇంకోటి ముట్టుకోదు. పొట్లాల్లో వచ్చే పొడి వాడేవాళ్లని మనుషుల కింద లెక్కెయ్యదు. అయిదేళ్ల కిందట ద్వీపం అమెరికా చేతిలోంచి మళ్లీ జపాన్ చేతిలోకి వచ్చినప్పుడు, టై కట్టుకున్న ఒక ఉద్యోగి వచ్చి, టోఫూని చన్నీళ్లలో ముంచి చల్లగా అమ్మాలని కాగితం చూపించాడు. నబీ కాగితం చూళ్లేదు. పొగలు కక్కుతున్న ముక్కొకటి తీసి ఆయన అరచేతిలో పెట్టి, “చల్లగా కావాలంటే నువ్వే ఊదుకో నాయనా,” అంది. ఆయన ఊదుకుంటూ రెండు తిని, కాగితం మర్చిపోయి వెళ్లిపోయాడు. ఆ కాగితం చాలాకాలం పొయ్యి పక్కన ఉంది, గిన్నెలు దింపుకోడానికి.

మొండిది. ఎంత మొండిదంటే, ఆ యుద్ధం ఏడాది వానల్లో ఊరంతా ప్రాణాలు పట్టుకుని దక్షిణానికి పరిగెడుతుంటే, నబీ నెత్తిమీద తిరగలి పైరాయి పెట్టుకుని పరిగెత్తింది. దాక్కున్న గుహలోకి జపాన్ సైనికులొచ్చి, ఇది మాకు కావాలి పొమ్మన్నారు. ఒకరు బియ్యం వదిలేశారు, ఒకరు దుప్పట్లు వదిలేశారు, నబీ రాయి వదల్లేదు. ఒక చేత్తో రాయి, ఒక చేత్తో ఎనిమిదేళ్ల సేజిన్. వెనక ఉషి, మూడేళ్ల పాపని చంకనేసుకుని, “వదినా, ఆ రాయి పడెయ్యి, నీకు పుణ్యముంటుంది,” అని మొత్తుకుంటూ పరిగెత్తింది.

“అత్తగారిది. పడేస్తే ఊరుకోదు,” అంది నబీ. అత్తగారు అప్పటికి పోయి ఏడేళ్లు.

ఆ రాయి తుపాకీ గుండుకి అడ్డుపడి తమని కాపాడిందని సేజిన్ బస్సులో కొత్తవాళ్లకి చెబుతుంటాడు. అబద్ధం. దాని అంచు విరిగింది నబీ బురదలో జారిపడ్డప్పుడు. రాయి ఎవర్నీ కాపాడలేదు. ఉషి పాప చెరుకుతోటలో పోయింది. ఊళ్లో నాలుగొందల మందిలో నూట తొంభై మంది మళ్లీ ఊరి మొహం చూడలేదు. అన్ని వంశాలకీ ఒకే నెలలో ఇన్ని కర్మలు రావడం అందుకే.

బతికినవాళ్లని అమెరికావాళ్లు ఉత్తరాన గుడారాల్లో పెట్టారు. అక్కడ నబీ నాలుగు దోసిళ్ల సోయా గింజలు ఎలా సంపాదించిందో ఇప్పటికీ చెప్పదు. కిందిరాయి లేదు కాబట్టి కూలిన వంతెన పెచ్చొకటి తెచ్చి దానిమీద పైరాయి తిప్పింది. పాలు విరిచి, మాంసం వచ్చిన తగరం డబ్బాల్లో పోసింది. ఆ రోజు గుడారాల్లో జనం జీవితంలో మొదటిసారి గుండ్రటి టోఫూ తిన్నారు. నబీ మొదటి డబ్బా ఉషి ముందు పెట్టింది. ఉషి పెట్టింది తినేది, లెమ్మంటే లేచేది. పాప పోయినప్పటి నుంచి నోట మాటలేదు. ఆ సంగతి సేజిన్‌కి బాగా గుర్తు. ఎందుకంటే ఆ పిన్నిని మాట్లాడించాలని పిల్లలంతా పందెం వేసుకుని కోతివేషాలు వేసేవాళ్లు. ఎవరూ గెలవలేదు.

బస్సెక్కేసరికి సంగతి బస్సుకంతటికీ తెలిసిపోయింది. ఇతోమాన్ నుంచి నహా మార్కెట్‌కి చేపలు తీసుకెళ్లే ఆడవాళ్లు ముందు సీట్లలో కూర్చుని ఉన్నారు. వాళ్లకి తెలియనిది ఆ దారిలో ఏదీ లేదు.

“ఏం సేజిన్, మీ నాన్న ఇల్లు మారుతున్నాడటగా?” అంది ఒకావిడ.

“వచ్చే ఏడాది బండ్లన్నీ రోడ్డుకి కుడివైపు నుంచి ఎడమవైపుకి మారతాయట. వీళ్ల నాన్న ఒక ఏడాది ముందు మారుతున్నాడు. తొందర మనిషి,” అంది ఇంకొకావిడ.

“మారడం కాదు. మా అమ్మ ఒప్పుకోవట్లేదు,” అన్నాడు సేజిన్.

“ఒప్పుకోదా? పక్కింటాయనే బాగున్నాడంటుందా?”

బస్సంతా పగలబడి నవ్వింది. సేజిన్ చెవులు ఎర్రబడ్డాయి. డ్రైవరు సీటు వెనకే డెబ్బై రెండేళ్ల కమరా కూర్చుని ఉన్నాడు, ఒళ్లో మూడు తీగల సాన్షిన్ పెట్టుకుని. ఆయన మచూకి అన్న, ఉషికి బావగారు, ఆ వంశానికి ఇప్పుడు పెద్ద. పెళ్లికైనా కర్మకైనా ఆ వాయిద్యం లేకుండా గడప దాటడు.

నవ్వులు ఆగాక కమరా ముందుకి వంగాడు. “ఒరే అబ్బాయ్. నాకొకటి అర్థం కావట్లేదు. వాళ్లిద్దరూ దొరికిన రోజు ఎముకలు కడిగింది మీ అమ్మే.”

“వాళ్లాయనవి ఉషి పిన్ని కడుక్కుంది కదా, పెద్దనాన్నా?”

“ఎక్కడ కడిగింది? దాని చేతులు నిలిస్తే గదా. నేను చూస్తూనే ఉన్నాను. అది పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంది, మీ అమ్మ ఇద్దర్నీ కడిగింది. ఒక్కొక్క ఎముకా తీసి, బియ్యం సారాతో తుడిచి, ఎండబెట్టి, రెండు డబ్బాల్లో సర్దింది. కుండలు తర్వాతెప్పుడో కొన్నారు. ఆ కాలు మీ అమ్మ చేతిలోంచి వెళ్లిందే.”

సేజిన్ తర్వాతి స్టాపులో ఆపడం మర్చిపోయాడు. చేపలావిడ బుట్టతో సహా లేచి, “మాక్కూడా ఇల్లు మారుస్తావా ఏంటి?” అని అరిచేదాకా తెలియలేదు.

సాయంత్రం నాలుగింటికి బస్సు అప్పజెప్పి, తల్లి నీళ్లు తోడుకునే రాళ్ల దగ్గరికి వెళ్లాడు. నబీ పాంటు మోకాళ్లదాకా మడుచుకుని, రెండు డబ్బాలు నింపుతోంది. ఆటు పోటు చూసుకుని, అల వెనక్కి తగ్గేముందు పైనీళ్లు ముంచుతుంది. ఆ టైములో ఎవరైనా మాట్లాడిస్తే విసుక్కుంటుంది. సేజిన్ ఆగలేదు.

“నీకు ముందే తెలుసు.”

“ఏది?”

“ఉషి పిన్ని కుండలో నాన్న ఉన్నాడని. మొదటి రోజు నుంచీ తెలుసు.”

నబీ డబ్బా నిండేదాకా ఆగింది. రాయి మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

“కమరా బావ చెప్పాడా? ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.”

“నిజమా కాదా?”

“క్యాంపు నుంచి వదిలాక ఊరొచ్చాం. చలికాలం చివర. ఊళ్లో ఇల్లు లేదు, చెట్టు లేదు. మీ నాన్ననీ మచూనీ సైన్యం తుపాకీగుళ్ల పెట్టెలు మోయడానికి తీసుకుపోయింది కదా, వాళ్లతో మోసినవాడు ఒకడు బతికొచ్చి చెప్పాడు, ఇద్దరూ మేకలదొడ్డి గోడ వెనక ఒకేసారి పోయారని. వెళ్లి రాళ్లు తీశాం. ఉన్నారు. పక్కపక్కనే, పందెం చూస్తున్నట్టు.” ఆమె రాయి మీద కూర్చుంది. “ఒకాయన చేతి దగ్గర మచూ పొగాకు పీల్చే గొట్టం పడుంది. ఉషి అది చూసింది. చూసి, ఆ తల తీసి ఒళ్లో పెట్టుకుంది. పెట్టుకుని, ‘ఏమయ్యా, పాపని తీసుకురాలేకపోయాను,’ అంది. ఎనిమిది నెలలకి మొదటి మాట. ఇంక ఆగలేదు. పొద్దువాలేదాకా చెబుతూనే ఉంది.”

“అది నాన్న.”

“మీ నాన్నకి సొంత పొగగొట్టం ఎప్పుడుందిరా? మచూ దగ్గర లాక్కుని తిరిగి ఇస్తే ఒట్టు. గొట్టం ఎవరి పక్కనుంటే వాడే జిరూ. నాకు కాలు చూడక్కర్లేదు. తర్వాత కాలూ చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“ఏమని చెప్పను? ‘లేవే, అది మా ఆయన, మీ ఆయన అటుపక్కనున్నాడు, మళ్లీ మొదట్నించి ఏడు’ అనా?”

సేజిన్‌కి నవ్వొచ్చింది. నవ్వాక మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. ప్రతి వసంతంలో సమాధుల దగ్గర భోజనాల పండగ రోజున, తల్లి పందిమాంసం పెద్ద ముక్కలు ఏరి పక్క సమాధికి ఎందుకు పట్టుకెళ్లేదో ఇప్పుడు తెలిసింది. చిన్నప్పుడు ఆ ముక్కల కోసం ఏడ్చి దెబ్బలు తిన్నాడు.

“ఇప్పుడు మార్చుకో. ఉషి పిన్నే మార్చుకుందామంటోందిగా.”

“మార్చుకుంటే అడుగుతుంది. కడిగింది నువ్వు కదా, నీకెలా తెలియలేదు అంటుంది. తెలుసని తెలిస్తే, అది నోరు విప్పింది పరాయి మగాడి తల పట్టుకుని అని తెలుస్తుంది. ఆ మాటలు దాని మొగుడికి చేరలేదని తెలుస్తుంది. పాప సంగతి. అది తట్టుకోదు. అబద్ధం ఆడదామంటే నాకు రాదు.”

“అది చూశాంలే. బెణుకంట.”

“నువ్వు నోరుమూసుకో. దాని దగ్గర నోరు జారావంటే నా చేతి టోఫూ నీకు లేదు.”

“నాకు మా నాన్న కావాలమ్మా. ఆదివారం వంపేస్తే ఇంకెప్పటికీ లేడు.”

“నాకక్కర్లేదనుకున్నావా?” అంది నబీ. డబ్బాలు రెండూ కావడికి తగిలించుకుని, కొడుకు పట్టుకోబోతే చేయి తోసేసి, ముందు నడిచింది.

సేజిన్ ఏ మాటా ఇవ్వలేదు. అందుకే మర్నాడు తప్పినట్టు కూడా అనిపించలేదు. ఉషి వాకిట్లో కూర్చుని మొగలి ఆకులతో టోపీ అల్లుతోంది. ఎదురుగా చతికిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మెత్తగా ఎలా చెప్పాలో అతనికి రాదు. చెరుకుతోట, మేకలదొడ్డి, పొగగొట్టం, మొదటి మాట. చెప్పడం అయిపోయేసరికి ఉషి చేతులు ఆగిపోయాయి. టోపీ సగంలో ఉంది.

“పిన్నీ?”

ఉషి పలకలేదు. లేచి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకోలేదు గానీ వేసుకున్నట్టే ఉంది.

బుధవారం టోఫూకి రాలేదు. గురువారం రాలేదు. శుక్రవారం కమరా వచ్చి, “ఏమైందిరా? మనిషి తింటోంది, తిరుగుతోంది. మాట్లాడదు,” అన్నాడు. వెనకటి ఆ ఎనిమిది నెలల మౌనం గుర్తున్నవాళ్లు ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరూ జోకులు వెయ్యడంలేదు. బస్సులో చేపలవాళ్లు కూడా గమ్మున కూర్చున్నారు.

ఇంట్లో నబీ కూడా మాట్లాడటం మానేసింది, కొడుకుతో మాత్రమే. అతనికి తప్ప ఊరందరికీ టోఫూ కోసి పెట్టింది. భార్య హత్సుయే అన్నం అడుగున ఒక ముక్క దాచి పెడితే, నబీ అది చూసి, చూడనట్టు ఊరుకుంది. ఆ మాత్రం జాలి చూపించింది.

శనివారం పొద్దున్న కొట్టంలో గిన్నె చప్పుడైంది. సేజిన్ గోడకి చెవి ఆనించాడు. హత్సుయే అతని భుజం మీంచి ఆనించింది.

“టోఫూ ఇవ్వు వదినా.”

“మూడ్రోజులు ఏం తిన్నావే?”

“ఆలోచించాను.”

“కడుపు నిండిందా?”

“నిండింది. ఇప్పుడు ఇది కావాలి. పెద్ద ముక్క వెయ్యి.” కాసేపు కత్తి చప్పుడు. “పాప పుట్టిన రోజు మా ఆయన సిగ్గుపడి గుమ్మంలోనే నిలబడ్డాడు, గుర్తుందా? లోపలికొచ్చి నన్ను పలకరించింది జిరూ అన్నయ్యే. ‘ముక్కు మచూది, నోరు మాత్రం నాలాగుండాలని దీవిస్తున్నా,’ అన్నాడు.”

“నోటికి ఏదొస్తే అది అనేవాడు.”

“ఎవర్నైనా మాట్లాడించేవాడు. మా ఆయనకి చెప్పుంటే ‘ఊ’ కూడా అనేవాడు కాదు. పాట పాడేవాడు గానీ మాట వచ్చేది కాదు. ఆ రోజు నేను ఇంకెవరి తల పట్టుకున్నా నోరు పెగిలేది కాదేమో. నేను చెప్పాల్సినవాడికే చెప్పాను. దానికి నాకే చింతా లేదు.”

గోడ ఇవతల హత్సుయే ముక్కు చీదబోయి ఆపుకుంది.

“నీమీద కోపం మాత్రం ఉంది,” అంది ఉషి. “ముప్పయ్యేళ్లు మా ఆయన్ని పెట్టుకున్నావు కదా, పాటలు లేకపోతే ఆయన ఎండిపోతాడని తెలుసు కదా. ఒక్కసారైనా ఎవరిచేతైనా పాడించావా?”

“ప్రతి వసంతంలో కమరా బావని మా సమాధి ముందు కూర్చోబెట్టి మూడేసి పాటలు పాడించలేదూ?”

“అందుకా? నీకు పాటలంటే ఇష్టమనుకున్నాను.”

“నాకు పాటలంటే తలనొప్పి.”

ముందు ఎవరు నవ్వారో సేజిన్‌కి తెలియలేదు. ఇద్దరూ ఒకేసారి నవ్వినట్టే వినిపించింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడయింది, ఎవరూ లేచి చూళ్లేదు.

“ఒరే గోడచాటోడా, రా,” అని పిలిచింది నబీ చివరికి. “వచ్చి తిను. వేడిగా ఉంది.”

ఆదివారం ఎండ నిప్పులు చెరుగుతోంది. రెండు సమాధుల మధ్య దూరం పాతిక అడుగులు. కుండలు ఇటువి అటు, అటువి ఇటు పెడితే అయిపోయేది. కమరా ఒప్పుకోలేదు. “ఇద్దరూ కలిసి నడిచి ముప్పై రెండేళ్లయింది. ఊరు చుట్టూ తిప్పి తీసుకురావాల్సిందే,” అన్నాడు. వంశంపెద్ద మాట, పైగా చేతిలో సాన్షిన్ ఉంది. కాదనేవాళ్లు లేరు.

అలా రెండు కుండలూ తెల్లగుడ్డ కట్టించుకుని ఊరేగాయి. ఎముకలకి ఎండ తగలకూడదు కాబట్టి పైన గొడుగులు పట్టారు. జిరూ కుండ సేజిన్ ఎత్తుకున్నాడు. మచూ కుండ మచూ తమ్ముడి కొడుకు ఎత్తుకున్నాడు. ఉషికి పిల్లలు లేక, ఆ అబ్బాయినే ఇంటికి వారసుడిగా పెంచుకుంది. వెనక నబీ, ఉషి ఒక గొడుగు కింద, ఎవరు పట్టుకోవాలని వాదించుకుంటూ. మేకలదొడ్డి ఉండిన చోట ఇప్పుడు పెట్రోలు బంకు ఉంది. అక్కడ ఒక్క నిమిషం ఆగారు. బంకు కుర్రాళ్లు టోపీలు తీశారు. కమరా అక్కడ పాడింది నెమ్మది పాట. చెరుకు మిల్లు దాటాక మాత్రం వేగం పెంచాడు. చేతులు పైకెత్తి తిప్పుతూ ఆడే ఆట మొదలైంది. నలుగురు మొదలుపెడితే నలభై మందయ్యారు. ఎదురుగా వచ్చిన బస్సు ఆగింది. డ్రైవరు సేజిన్ దోస్తు. చేపలాడవాళ్లు బుట్టలు సీట్లలో వదిలేసి దిగిపోయి, వాళ్లూ చేతులు ఎత్తారు.

“ఎవరు ఎవరింటికి వెళ్తున్నారు ఇంతకీ?” అని అడిగింది ఒకావిడ ఆడుతూనే.

“ఎవరింటికి వాళ్లు,” అంది నబీ.

సేజిన్ ఆడలేకపోయాడు, చేతుల్లో తండ్రి ఉన్నాడు. బరువు ఎంతో లేదు. పందెం చెట్టెక్కి మూడొందల మందికి అరిచి చెప్పిన మనిషి ఇంత తేలికా అనిపించింది. చిన్నప్పుడు ఆయన భుజమెక్కి తను ఎంత బరువుండేవాడో తెలియదు. కుండ ఊగకుండా పట్టుకుని, పాదాలతో మాత్రం తాళం వేశాడు.

ముందు మచూ. ఉషి వాళ్ల సమాధి గుమ్మం రాయి తీసి, కమరా, ఆ అబ్బాయి లోపలికి పాకారు. ఉషి గుమ్మంలో కూర్చుని లోపలికి తొంగి చూస్తోంది. కుండ వంచిన చప్పుడు బయటికి వినిపించింది, ఎండుగవ్వలు జారినట్టు. “హమ్మయ్య, ఇల్లు చేరాడు,” అంది ఉషి, మోకాళ్లు పట్టుకుని లేచింది. బయట ఎర్రపిండివంటల పెట్టెలు తెరిచారు. సారా సీసాలు తిరిగాయి.

తర్వాత జిరూ. సేజిన్ కుండని ముందు పెట్టుకుని తమ సమాధిలోకి పాకాడు. లోపల చల్లగా ఉంది. మెట్లమీద ఇంకా గడువు రాని కుండలు రెండు, వెనక గట్టు మీద తరతరాల తెల్లటి గుట్ట. గుడ్డ విప్పి మూత తీశాడు. రెండు చేతులా కుండ అంచు పట్టుకుని వంచబోతుంటే, వెనక ఎవరో ఆయాసపడుతూ పాకిన చప్పుడు. నబీ. ఆడవాళ్లు ఆ టైములో లోపలికి రారు. వచ్చేసింది. పక్కన కూలబడి, కుండ అంచు మీద చెయ్యి వేసింది.

“వంపకు.”

“అమ్మా, బయట అంతా కాచుకునున్నారు.”

“కాచుకోనీ. తింటున్నారు, తాగుతున్నారు, వాళ్లకి తొందరేం లేదు.” ఆమె గొంతు తగ్గించింది, ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు లేస్తారేమో అన్నట్టు. “కర్మ అయింది. దేవుళ్లలో కలిశాడు, సరే. కుండలో కూర్చున్నంత మాత్రాన దేవుడికి పోయేదేం లేదు. పెద్దవాళ్లకి నేను చెప్పుకుంటాను, తిట్లు నేను తింటాను. ముప్పయ్యేళ్లు పక్కింటాయన్ని పెట్టుకుని మర్యాదగా కూర్చున్నానురా. నీకు ఉద్యోగం వచ్చిందని చెప్పినా, నీ పెళ్లని చెప్పినా, ఆయనకే చెప్పాను. పాపం, అన్నీ విన్నాడు. మీ నాన్నకి ఒక్కటీ చెప్పలేదు. ఇప్పుడు గుట్టలో వంపేస్తే నేనిక ఎవరి మొహాన చెప్పాలి? ఒక్క ఏడాది ఇలాగే ఉండనియ్యి, సేజిన్. వచ్చే జూన్‌లో నువ్వే వంచు. నేను అడ్డం రాను.”